గోడలోని తీగ, పెట్టెకున్న తాళం

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఈ పదేళ్లలో కట్టిన అపార్ట్‌మెంటులో ఏదో ఒక ఫ్లాటు తీసుకోండి. హాల్లో టీవీ బిగించే గోడ మీద, స్విచ్చుల పలకలో, రెండు రకాల సాకెట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి గుండ్రంగా, నడిమధ్య సూదంత రాగి తీగ దూరేలా ఉంటుంది. అది కేబుల్ టీవీది. రెండోది నలుచదరంగా, లోపల ఎనిమిది సన్నని బంగారు రంగు పళ్లతో ఉంటుంది, అది ఇంటర్నెట్‌ది. పడగ్గదుల్లోకి వెళ్తే చాలా ఇళ్లలో ఈ రెండోది ఒక్కటే కనిపిస్తుంది. బిల్డరు గదిగదికీ క్యాట్-6 లాన్ వైరు లాగించి, కేబుల్ వైరుని హాలు దగ్గరే ఆపేస్తాడు. కొన్నాళ్లకి పెద్దవాళ్ల గదిలో ఇంకో టీవీ పెట్టాల్సి వస్తుంది. కేబుల్ మనిషి వచ్చి కిటికీ ఫ్రేముకి చిల్లు పెట్టి, సీలింగు అంచు వెంట క్లిప్పులు కొట్టి తెల్ల వైరు లాగుతానంటాడు. గోడలో ఎలాగూ ఓ మంచి తీగ పడుకుని ఉంది కదా, దాంట్లోంచే టీవీ సిగ్నల్ పంపలేమా అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. చూడ్డానికి ఇది ఎలక్ట్రీషియన్ తేల్చాల్సిన చిన్న సంగతి. తవ్వుకుంటూ పోతే ఫిజిక్సు నుంచి పార్లమెంటు చట్టం దాకా వెళ్తుంది.

ఈ ప్రశ్నకి మూడు రకాల జవాబులున్నాయి. కేబుల్ వైరులో వచ్చే రేడియో తరంగాన్ని ఉన్నది ఉన్నట్టు లాన్ వైరులోకి ఎక్కించడం మొదటిది. సెట్ టాప్ బాక్సు నుంచి వచ్చే బొమ్మని ఆ వైరు మీద ఇంకో గదికి మోసుకుపోవడం రెండోది. ఇంటి గుమ్మం దగ్గరే టీవీ కార్యక్రమాన్ని డేటాగా మార్చి, మిగతా ఇంటర్నెట్ డేటాతో పాటే పంపడం మూడోది. మూడూ సాధ్యమే, మూడూ ఏదో ఒక దేశంలో ఆచరణలో ఉన్నవే. నా వాదన ఏమిటంటే, మనకి పనికొచ్చేది మూడోదే. దానికి అడ్డం పడుతున్నది తీగ కాదు, సెట్ టాప్ బాక్సుకి వేసిన తాళం, అంటే ఛానెళ్లని సంకేతబద్ధం చెయ్యడం. తీగ గురించి జరిగే చర్చ చాలావరకు అసలు అడ్డంకిని కనపడనివ్వకుండా చేస్తోంది.

ముందు తీగ సంగతి. కేబుల్ టీవీకి వాడే ఆర్‌జీ-6 వైరు ఇంపిడెన్సు 75 ఓమ్‌లు, లాన్ వైరులో ఒక్కో జత ఇంపిడెన్సు 100 ఓమ్‌లు. ఈ రెండూ కలవవు కాబట్టి సిగ్నల్ పోదని చాలామంది తేల్చేస్తారు. లెక్క కడితే ఆ భయం అంత పెద్దది కాదని తెలుస్తుంది. 75 ఓమ్‌ల వైరు 100 ఓమ్‌ల వైరుని కలిసే చోట వెనక్కి తిరిగొచ్చే శక్తి సుమారు 2 శాతం, ముందుకు పోయేది 98 శాతం. పాత అనలాగ్ రోజుల్లో ఆ 2 శాతమే బొమ్మ పక్కన నీడలా కనిపించి విసిగించేది. డిజిటల్ రిసీవరు అంతపాటి ప్రతిధ్వనిని తనే సర్దుకుంటుంది. అసలు తేడా వేరే చోట ఉంది. ఆర్‌జీ-6లో ఒక నడిమి తీగ, దాని చుట్టూ కవచం ఉంటాయి. సిగ్నల్ నడిమి తీగలో ప్రయాణిస్తుంది, కవచం భూమిగా నిలబడుతుంది. లాన్ వైరులోని జతలో రెండు తీగలూ సమానం. ఒకదాంట్లో పైకి పోయిన అల రెండోదాంట్లో కిందికి పోతుంది, మెలి పెట్టి ఉండటం వల్ల బయటి రొద రెండింటి మీదా ఒకేలా పడి రద్దవుతుంది. ఈ రెండు పద్ధతుల మధ్య దుబాసీలా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు కావాలి. దాని పేరు బాలన్. సీసీ కెమెరాలు బిగించేవాళ్ల సంచిలో వేలెడంత వీడియో బాలన్‌లు దొరుకుతాయి గానీ, అవి కెమెరా వీడియో కోసం చేసినవి. కేబుల్ టీవీ 47 నుంచి 862 మెగాహెర్ట్జ్ వరకు పరుచుకుని ఉంటుంది. కెమెరా బాలన్ పెట్టి కేబుల్ టీవీ రావట్లేదని తీగని నిందించడం సరికాదు.

బాలన్ సరిగ్గా ఉన్నా మిగిలే సమస్య సిగ్నల్ అరిగిపోవడం. క్యాట్-5ఇ తీగ ప్రమాణాలు 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి, క్యాట్-6వి 250 దగ్గర, క్యాట్-6ఏవి 500 దగ్గర. ఆ పైన తీగ పనిచెయ్యదని కాదు, ఎంత పనిచేస్తుందో తయారీదారు హామీ ఇవ్వడని అర్థం. క్యాట్-5ఇ ప్రమాణం ప్రకారం 100 మీటర్ల తీగలో 100 మెగాహెర్ట్జ్ దగ్గర 22 డెసిబెల్స్ పోవచ్చు. రాగి తీగలో నష్టం ఫ్రీక్వెన్సీ వర్గమూలంతో పెరుగుతుందన్న మోటు సూత్రం పట్టుకుని, హాల్లోంచి చివరి పడగ్గది దాకా మలుపులన్నీ కలిపి 30 మీటర్లు అనుకుందాం. కింది చివర, 55 మెగాహెర్ట్జ్ దగ్గర, 5 డెసిబెల్స్ పోతాయి. పై చివర, 860 దగ్గర, 20 దాకా పోతాయి. అదే 30 మీటర్ల ఆర్‌జీ-6లో కింద 2 లోపు, పైన 6 చిల్లర పోతాయి. 20 పోయినందుకు అంత బాధ లేదు, ఆంప్లిఫయరు పెట్టొచ్చు. బాధంతా ఆ 5కీ 20కీ మధ్యనున్న 15 డెసిబెల్స్ వాలుతో. మామూలు ఆంప్లిఫయరు అన్నిటినీ ఒకేలా పెంచుతుంది; పై ఛానెళ్లకి సరిపోయేంత పెంచితే కింది ఛానెళ్లు పొంగిపొర్లి, ఆంప్లిఫయరే వక్రించి అన్నిటినీ పాడుచేస్తుంది. వాలుని సరిచేసే ఈక్వలైజరు ఉన్న ఆంప్లిఫయరు కావాలి, దాన్ని మీటరు పెట్టి సర్దే మనిషి కావాలి. వీధి స్తంభం మీద ఆపరేటరు చేసే పనిని ఇంట్లో గదిగదికీ చెయ్యడం అన్నమాట. పైపెచ్చు మన బజార్లలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగని క్యాట్-6 పేరుతో అమ్మడం మామూలైపోయింది. దాని నిరోధం అసలు రాగి కన్నా ఎక్కువ, వంచితే విరుగుతుంది. గోడలో ఉన్నది ఏ తీగో తెలియకుండా వేసే లెక్కలన్నీ ఆశావహమైనవే.

మెలి తిప్పిన జతలకి ఇంకో బలహీనత ఉంది. మన ఇళ్లలో వేసే లాన్ వైరుకి చాలావరకు కవచం ఉండదు. కంప్యూటరు డేటాకి మెలికలే చాలు; వందల మెగాహెర్ట్జ్ దగ్గర ఆ సమతూకం చెదురుతుంది. తీగ యాంటెనాగా మారి, లోపలి సిగ్నల్ బయటికి, బయటి సిగ్నల్ లోపలికి కారడం మొదలవుతుంది. కేబుల్ టీవీ వాడే పట్టీలో 108 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ముక్క గాలిలో విమానాలది. అమెరికాలో కేబుల్ కంపెనీలు తమ వైర్ల కారుడుని కొలిచి లెక్క చెప్పాలన్న నిబంధనలు ఇందుకే వచ్చాయి. ఒక ఫ్లాటులోని తీగ విమానాన్ని దారి తప్పిస్తుందని నేను అనడం లేదు. వెయ్యి ఫ్లాట్లు ఇదే పని చేస్తే అది ఒక ఇంటి సంగతిగా మిగలదు. లోపలికి వచ్చే రొద మాత్రం ఈరోజే మన ఇంట్లో ఉంది. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ పట్టీ కొన్న జియో దాన్ని 5జీకి వాడుతోంది. ఆ పట్టీలో ఫోను టవరుకి మాట్లాడేది 703 నుంచి 748 మెగాహెర్ట్జ్ మధ్య. అదే చోట కేబుల్ టీవీ ఛానెళ్లూ కూర్చుని ఉంటాయి. కవచం లేని తీగ పక్కన, మంచం మీద ఫోను పెట్టుకుని మాట్లాడుతుంటే ఆ ఛానెళ్లలో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోవచ్చు. ఫోను పెట్టేయగానే బాగవుతుంది. ఇలాంటి వచ్చిపోయే జబ్బుని పట్టుకోవడం టెక్నీషియనుకి నరకం.

అయితే ఇవన్నీ తట్టుకుని, కేబుల్ టీవీని మెలి జతల మీద నడిపించిన దేశాలున్నాయని ఒప్పుకోవాలి. క్యాట్-7ఏ తీగని 1000 మెగాహెర్ట్జ్ వరకు ప్రమాణీకరించడానికి ఒక కారణం 862 దాకా ఉన్న కేబుల్ టీవీ కూడా అందులో పట్టాలనే. యూరప్‌లో దానికి తగ్గ సాకెట్లు వచ్చాయి. ఒక జతలో టీవీ, రెండు జతల్లో నెట్, ఇంకో జతలో ఫోను విడివిడిగా తీసుకోవచ్చు. ఫ్రాన్స్ ఇంకా ముందుకెళ్లి ఈ పద్ధతిని ఇళ్ల వైరింగు నియమాల్లోనే పెట్టింది. 2016 నుంచి అక్కడ కొత్తగా కట్టే ఇళ్లలో గ్రేడ్-2 టీవీ అనే రకం తీగ కనీస ప్రమాణం. ఇంటి మధ్యలో ఒక పెట్టె, దాన్నుంచి ప్రతి గదికీ విడి తీగ, గదిలో ఒకటే రకం సాకెట్. దాంట్లోంచి నెట్ తీసుకుంటారో టీవీ తీసుకుంటారో పెట్టెలో చిన్న తీగ మార్చి ఎంచుకోవడమే. గ్రేడ్-3 టీవీ రకం తీగైతే శాటిలైట్ సిగ్నల్‌ని కూడా మోస్తుంది. మొదటి జవాబుకి ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఫ్రాన్స్ అనుభవం రుజువు చేసేది, టీవీ కోసమే ఎంచి వేసిన కవచమున్న తీగలో, తక్కువ దూరంలో, ముందే గీసుకున్న పథకం ప్రకారం ఇది నడుస్తుందని. మన ప్రశ్న ఇప్పటికే గోడలో ఉన్న తీగ గురించి. క్యాట్-5ఇకీ గ్రేడ్-2 టీవీకీ పోలిక బయట కనిపించే ఎనిమిది తీగల దాకానే.

ఒకే తీగలో నెట్, టీవీ పక్కపక్కన పోలేవా అని కొందరు అడుగుతారు. సెకనుకి 100 మెగాబిట్ల నెట్‌వర్కు నాలుగు జతల్లో రెండే వాడుతుంది, సాధారణంగా నారింజ, ఆకుపచ్చ జతలు. నీలం, గోధుమ జతలు ఖాళీ. అందులో ఒకదాంట్లో టీవీ పంపొచ్చు, నిజమే. కానీ గిగాబిట్ నెట్‌వర్కుకి నాలుగు జతలూ కావాలి. టీవీకి ఒక జత ఇస్తే నెట్ వేగం పదోవంతుకి పడిపోతుంది. రాబోయే ఇరవై ఏళ్లు గోడలో ఉండాల్సిన తీగకి ఇది నష్టపు బేరం. నెట్‌వర్కు స్విచ్ ఆ ఖాళీ జతల మీదే కరెంటు పంపే రకమైతే బాలన్‌కీ టీవీకీ ముప్పు. ఎండాకాలపు ఉరుముల్లో వీధి వైరు మీదుగా వచ్చే సర్జ్‌కి సెట్ టాప్ బాక్సులు కాలిపోవడం మన ఊళ్లలో కొత్త కాదు. ఆ వైరుని లాన్ వైరుతో కలిపితే రౌటరూ కంప్యూటరూ కూడా అదే దారిలో పోతాయి.

వీటన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇంకోటుంది, నాకు అసలైనదిగా తోచేదీ అదే. కేబుల్ వైరులో పట్టే 800 మెగాహెర్ట్జ్ జాగాలో 8 మెగాహెర్ట్జ్ చొప్పున వంద గళ్లు ఉంటాయి. మనకి వాడుకలో ఉన్న డిజిటల్ పద్ధతిలో ఒక్కో గడి సెకనుకి దాదాపు 38 మెగాబిట్లు మోస్తుంది. మొత్తం కలిపితే దగ్గర దగ్గర 4 గిగాబిట్లు. పెద్దావిడ తన గదిలో కూర్చుని చూసేది ఒక సీరియల్. దానికి హెచ్‌డీలో అయినా 8, 10 మెగాబిట్లు చాలు. చెంబుడు నీళ్లకోసం చెరువంతటినీ ఆ గదిలోకి మళ్లించడానికే ఈక్వలైజర్లు, కవచాలు, బాలన్‌లు కావాల్సి వస్తున్నాయి. ఆ ఒక్క ఛానెల్‌ని డేటాగా పంపితే గోడలోని మామూలు క్యాట్-5ఇ తన సామర్థ్యంలో పదోవంతు కూడా వాడకుండా, వంద మీటర్ల దాకా చుక్క పోకుండా చేరుస్తుంది. నాలుగు గదుల్లో నాలుగు హెచ్‌డీ ఛానెళ్లు పెట్టినా 40 మెగాబిట్లే. ఫోను రొద, వాలు, కారుడు ఈ దారిలో సమస్యలే కావు. తప్పిన ముక్కని గుర్తుపట్టే ఏర్పాటు డేటాలోనే ఉంటుంది.

రెండో జవాబు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2010లో వచ్చిన హెచ్‌డీబేస్-టీ ప్రమాణంతో గానీ, ఆన్‌లైన్‌లో దొరికే చవక ఎక్స్‌టెండర్లతో గానీ సెట్ టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ బొమ్మని లాన్ వైరు మీద దూరపు గదికి పంపొచ్చు. రిమోటు సంకేతాన్ని వెనక్కి తెచ్చే ఏర్పాటూ వాటిలో ఉంటుంది. బొమ్మ బాగానే వస్తుంది. కానీ హాల్లో క్రికెట్ పెడితే పడగ్గదిలోనూ క్రికెట్టే. ఒకరే ఉండే ఇంటికి, లేదా పెట్టెని కనపడకుండా అలమారలో దాచుకునేవాళ్లకి ఇది చాలు. ఇద్దరు రెండు వేర్వేరు కార్యక్రమాలు చూసే ఇంటికి ఇది జవాబు కాదు.

ఇక మూడోది. దీన్ని ఆచరణలో చూడాలంటే జర్మనీ చూడాలి. అక్కడ కేబుల్‌లో సాధారణ నాణ్యత ఛానెళ్లకి వేసిన తాళాన్ని, పోటీ వ్యవహారాల సంస్థ జోక్యం తర్వాత, 2013లో పెద్ద కేబుల్ కంపెనీలు తీసేశాయి. ఆ తర్వాత బజారు మారింది. బెర్లిన్ కంపెనీ ఏవీఎమ్ కేబుల్ సిగ్నల్‌ని ఇంటి నెట్‌వర్కు మీద పంపే చిన్న పరికరం తెచ్చింది. తర్వాత ఫ్రిట్జ్‌బాక్స్ 6490 రౌటరులోనే నాలుగు టీవీ ట్యూనర్లు కూర్చోబెట్టింది. గోడలో కేబుల్ వైరు ఒకే చోట దిగుతుంది, రౌటరు దగ్గర. అక్కణ్నుంచి ఇంట్లో ఏ గదిలో ఏ టీవీ అయినా, ఫోనైనా తనకి కావలసిన ఛానెల్ అడుగుతుంది, ఆ ఒక్కటే వస్తుంది. కొత్త తీగ వెయ్యలేదు, ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వలేదు. తాళం తీశారు, మిగతాది రౌటర్లు తయారుచేసేవాళ్లు చూసుకున్నారు.

అమెరికా అనుభవం దీనికి వెనుక ముఖం. అక్కడి కేబుల్ కంపెనీలు తాళాన్ని పెట్టె నుంచి విడదీసి ఒక కార్డులో పెట్టాలని 2007లో నియమం అమల్లోకి వచ్చింది. ఆ కార్డు దూర్చుకుని, ఒకేసారి మూడు ఛానెళ్లని ఇంటి నెట్‌వర్కు మీదకి పంపే హెచ్‌డీహోమ్‌రన్ ప్రైమ్ లాంటి పరికరాలు వచ్చాయి. తీగల సంగతిలో అంతా సవ్యమే. కానీ కాపీ చెయ్యకూడదని గుర్తు వేసిన ఛానెళ్లు విండోస్ మీడియా సెంటర్ లాంటి ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లలోనే ఆడేవి. విండోస్ 10తో మైక్రోసాఫ్ట్ ఆ సాఫ్ట్‌వేరుని వదిలేసింది; 2020లో ప్రభుత్వ సంస్థ కార్డు నియమాలనే ఎత్తేసింది. ఇంటి లోపల తీగల్లోనేమో అమెరికా తిరగేసిన దారి పట్టింది: అక్కడి గోడల్లో ముందు నుంచీ ఉన్నది కేబుల్ వైరు కాబట్టి, మోకా పద్ధతిలో డేటానే కేబుల్ వైరు మీదకి ఎక్కించారు. ఫ్రాన్స్ తీరు, అమెరికా తీరు ఒకదానికొకటి ఎదురు. రెండు చోట్లా తీగ సమస్యకి ఇంజినీర్లు దారి కనిపెట్టారు. తాళం సమస్యకి జర్మనీలోనే దారి దొరికింది, అదీ ఇంజినీర్ల వల్ల కాదు.

మన దేశంలో ఆ తాళం చట్టంలోనే ఉంది. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం, ఏ ఛానెల్‌నైనా డిజిటల్ అడ్రెసబుల్ వ్యవస్థలో, సంకేతబద్ధంగా తాళం వేసిన రూపంలోనే పంపాలి. హైదరాబాద్, విశాఖపట్నం 2013లో రెండో విడతలో ఈ వ్యవస్థలోకి వచ్చాయి. పల్లెలు ఆఖరి విడతలో, 2017 నాటికి. చట్టం డబ్బు ఛానెల్, ఉచిత ఛానెల్ అని తేడా పెట్టలేదు. కాబట్టి ప్రజల డబ్బుతో నడిచే దూరదర్శన్ కూడా కేబుల్‌లో తాళంతోనే వస్తుంది. జర్మన్ రౌటరులోని ట్యూనరు మన కేబుల్‌కి తగిలిస్తే సిగ్నల్ దొరుకుతుంది, బొమ్మ తెరుచుకోదు. పెట్టె కార్డుతో జతకట్టి ఉంటుంది, కార్డు ఖాతాతో. రెండో టీవీకి రెండో పెట్టె, రెండో ఖాతా. 2020లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒకే ఇంట్లో రెండో టీవీకి నెట్‌వర్కు రుసుములో 40 శాతం మించి తీసుకోకూడదని పరిమితి పెట్టింది. 2024లో ఆ రుసుము మీద గరిష్ఠ పరిమితినే వదిలేసింది. గోడలోని తీగ ఉచితంగా చెయ్యగలిగే పనికి గదికో పెట్టె, పెట్టెకో నెలసరి కట్టాల్సి రావడం వినియోగదారుడి మీద మోపిన భారం, దాన్ని సాంకేతిక అవసరంగా చూపించడం న్యాయం కాదు.

ఈ మాటకి కేబుల్ ఆపరేటర్లకీ ఛానెళ్లకీ గట్టి సమాధానం ఉంది, దాన్ని వినాలి. అనలాగ్ రోజుల్లో ఆపరేటరు వెయ్యి ఇళ్లకి కనెక్షన్ ఇచ్చి రెండొందలే చూపించేవాడని ఛానెళ్ల ఫిర్యాదు. ఎన్ని ఇళ్లో నిజంగా ఎవరికీ తెలియదు. ఒక వైరుకి స్ప్లిటర్ పెట్టి పక్కింటికీ పై అంతస్తుకీ పంచుకునేవారు. తాళం వల్లే లెక్క తేలింది, పన్ను వచ్చింది, ప్రేక్షకుడికి ఛానెళ్లు ఎంచుకునే వీలు వచ్చింది. ఇదంతా నిజం. నేను అడిగేది తాళం తీసెయ్యమని కాదు, తాళం గుమ్మానికి వెయ్యమని. లెక్క పెట్టాల్సింది ఇళ్లని. ఇంట్లో గదుల్ని కాదు. ఇంటి గుమ్మం దగ్గర ఒక్క పెట్టె తాళం తీసి, ఇంటి నెట్‌వర్కులోకి పంపేటప్పుడు డీటీసీపీ లాంటి పద్ధతితో మళ్లీ కప్పి పంపితే, ఆ సిగ్నల్ ఆ ఇంటి నెట్‌వర్కు దాటి పోదు. ఇలాంటి పద్ధతులు చాలాకాలంగా ఉన్నవే. ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సెట్ టాప్ బాక్సులు ఏ ఆపరేటరు దగ్గరైనా పనిచేసేలా ఉండాలనీ, టీవీలకే తాళం మాడ్యూలు దూర్చుకునే ప్రామాణిక పోర్టు ఉండాలనీ సిఫార్సు చేసింది. దారి అదే. సిఫార్సు చేసి ఏళ్లు గడిచినా ఇళ్లలో పెట్టెలు మారలేదు. ఈలోపు శాటిలైట్ ట్యూనరు లోపలే ఉన్న టీవీలకి భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణం తెచ్చింది. తాళం లేని డీడీ ఫ్రీ డిష్ ఛానెళ్లని పెట్టె లేకుండా చూడొచ్చన్నది దాని ఉద్దేశం. తాళం లేని చోట పెట్టె అక్కర్లేదని ప్రభుత్వమే ఒప్పుకుంటున్నట్టు.

మూడో జవాబు మన దగ్గర ఊహ మాత్రమే కాదు. 2016 చివర్లో తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబరుతో, నెలకి 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇవ్వజూపింది. అందులో టీవీ ఐపీటీవీ, అంటే డేటాగానే వస్తుంది. బాక్సులోకి దిగేది లాన్ వైరే. ఆ సంస్థ ఆర్థిక స్థితి, సేవల తీరు గురించి వాదాలు ఎన్ని ఉన్నా, మారుమూల ఇంటి గోడలో క్యాట్-5 తీగ మీద వందల ఛానెళ్లు నడుస్తాయన్న సంగతి రుజువైంది. ఇంకోవైపు చాలామంది స్థానిక ఆపరేటర్లు ఫైబరులోనే 1550 నానోమీటర్ల వెలుగు మీద పాత కేబుల్ సిగ్నల్‌ని పంపి, ఇంట్లో ఫైబర్ బాక్సుకున్న గుండ్రటి పోర్టు లోంచి బయటికి తీస్తున్నారు. వాళ్ల పాత పెట్టెలు, పాత హెడ్‌ఎండ్ వృథా కాకుండా ఉండాలంటే అది సహజమే. కానీ గుమ్మం దాకా ఫైబరు వచ్చాక మళ్లీ గోడ మీద తెల్ల వైరు కొట్టాల్సి రావడం ఆ పద్ధతి ఫలితమే.

డేటా దారిలోనూ లోపాలున్నాయి, వాటిని దాచడం మంచిది కాదు. ఐపీటీవీ మల్టీకాస్ట్ పద్ధతిలో వస్తుంది. ఒక్కో ఛానెల్ ఒక గుంపు, టీవీ ఆ గుంపులో చేరతానని అడగాలి. ఈ అడగడాన్ని వినే తెలివి ఇంట్లో స్విచ్‌కి లేకపోతే అది ప్రతి ఛానెల్‌నీ ప్రతి పోర్టుకీ చల్లేస్తుంది, పక్క గదిలో కంప్యూటరు నెమ్మదిస్తుంది. వైఫై మీద సంగతి ఇంకా ఘోరం: చాలా రౌటర్లు మల్టీకాస్ట్‌ని అన్నిటికన్నా తక్కువ వేగంతో గాలిలోకి వదులుతాయి, తప్పిన ముక్కని మళ్లీ పంపవు. బొమ్మ గళ్లు గళ్లుగా పగిలేది అందుకే. వైఫై ఉండగా తీగ గొడవెందుకు అనేవారికి ఇందులోనే నా జవాబు ఉంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండు ఇటుక గోడలు దాటేసరికి నీరసిస్తుంది, 2.4 అయితే అపార్ట్‌మెంటులో ముప్పై రౌటర్లు ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి. ఇరవై నాలుగు గంటలూ ఆగకుండా పారే టీవీ లాంటి సరుకుని తీగ మీద పెట్టి, గాలిని ఫోన్లకి వదిలెయ్యడం వైఫైకీ మేలే. ఓటీటీ వచ్చాక కేబుల్ టీవీయే పోతుంది కదా అనే మాటా ఉంది. పోతే పోవచ్చు. ఆ ఓటీటీ కూడా ఈ తీగ మీదే వస్తుంది. ఇంట్లో వెయ్యాల్సిన తీగ ఏదన్న ప్రశ్నకి జవాబు మాత్రం మారదు.

కాబట్టి ఈరోజు ఈ ప్రశ్నతో ఎలక్ట్రీషియన్ ముందు నిలబడ్డవాళ్లకి నేను చెప్పేది ఇది. కనెక్షన్ ఐపీటీవీ అయితే సందేహం లేకుండా గోడలోని లాన్ వైరే వాడండి. స్విచ్ కొనేటప్పుడు గుంపులో చేరే అడగడాన్ని వినే తెలివి, అంటే ఐజీఎంపీ స్నూపింగ్, ఉందా అని అడగండి. పాత కేబుల్ సిగ్నల్ అయి, రెండో గది పది పదిహేను మీటర్ల లోపే ఉండి, ఆ తీగని నెట్‌కి వాడకపోతే, 862 మెగాహెర్ట్జ్ వరకు చేసిన మంచి బాలన్ జతతో ప్రయత్నించొచ్చు. పై ఛానెళ్లు పోతున్నాయో లేదో ముందు చూసుకోవాలి. తీగ రెండు చివరలా టీవీ అని చీటీ అంటించాలి, లేకపోతే ఎప్పుడో ఎవరో దాన్ని స్విచ్‌కి గుచ్చుతారు. అంతకన్నా దూరమైతే వైరు పోయిన పైపులోనే ఆర్‌జీ-6 లాగడం మేలు. కొత్తగా కడుతున్నవాళ్లు మాత్రం ఇంటి మధ్యలో ఒక చిన్న పెట్టె పెట్టించి, గుమ్మం నుంచి అక్కడికి ఫైబరుకి ఖాళీ పైపు, అక్కణ్నుంచి ప్రతి గదికీ అసలు రాగి క్యాట్-6 రెండేసి లాగించాలి. భవనాల్లో డిజిటల్ కనెక్టివిటీకి నక్షత్రాల రేటింగు ఇచ్చే నియమాలు ట్రాయ్ 2024లో తెచ్చింది; బిల్డర్లని ఈ సంగతి అడగడానికి కొనేవాళ్లకి అదొక ఆసరా. ఆ పెట్టెలో ఒక ప్లగ్గు ఇన్వర్టరు లైను మీద ఉండాలి. పాత కేబుల్ వైరుకి ఇంట్లో కరెంటు అక్కర్లేదు. ఫైబర్ బాక్సుకీ స్విచ్‌కీ కావాలి, రెండూ కలిపి తినేది ఒకటి రెండు ఎల్‌ఈడీ బల్బులంత.